నిర్దోషి దొరసాని

పోలీసు తెచ్చిన కాగితం మీద పేరు సరిగ్గానే ఉంది. హల్మోష్డీ లోరింత్స్‌నే, అంటే లోరింత్స్ భార్య, మాజీ కౌంటెస్. ఎక్కడైనా ఒక్క అక్షరం తప్పు దొరికితే బాగుండునని విల్మా గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివింది. దొరకలేదు.

"రేపు పొద్దున ఐదింటికి లారీ వస్తుంది," అన్నాడు పోలీసు. "బట్టలు, దుప్పట్లు, నాలుగు గిన్నెలు తెచ్చుకోవచ్చు." లోపలికి తొంగి చూశాడు. "పియానో మాత్రం కుదరదు."

"ఎక్కడికి?"

"తిసా నది అవతలికి. ఏ ఊరన్నది రైలు దిగాక చెబుతారు. ఎవరో రైతు ఇంట్లో సర్దుతారు."

"ఎన్నాళ్ళు?"

అతను కాగితం ముందుకు చాపాడు. సంతకం చేయించుకుని, బూట్లు చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద వరండా దాటి వెళ్ళాడు. లోపల జబ్బుమనిషి పడుకుని ఉందని కింద ఎవరో చెప్పి ఉంటారు. ఊరు వదిలి పొమ్మన్న కాగితం తెచ్చిన మనిషి అలా మునివేళ్ళ మీద నడిచి వెళ్ళడం విల్మాకి చాలాసేపు కళ్ళముందు మెదులుతూనే ఉంది.

అది 1951 జూన్ నెల. పాత దొరలందర్నీ పల్లెలకు తరిమేయాలని కమ్యూనిస్టు ప్రభుత్వం తలపెట్టాక, మూడు వారాలుగా బుడాపెస్ట్ వీధుల్లో తెల్లవారుతూనే లారీలు ఆగుతున్నాయి. కౌంట్‌లు, బారన్‌లు, పాత సేనాపతులు, మిల్లుల యజమానులు మూటలతో సహా ఎక్కి వెళ్ళిపోతున్నారు. విల్మా కిటికీలోంచి చూసి జాలిపడిందే తప్ప భయపడలేదు. భయపడడానికి తను కౌంటెస్ కాదు కదా! కెచ్కెమేట్ ఊళ్ళో మందుల కొట్టు కొచోర్ గారి రెండో కూతురు. తొమ్మిదేళ్ళు ఒక కౌంటుకి భార్యగా ఉంది. విడాకులై ముప్పై ఏళ్ళయింది. పైగా నాలుగేళ్ళ కిందట ప్రభుత్వం బిరుదులన్నీ రద్దు చేసిన రోజునే బిరుదుతో పేరు చెక్కి తలుపుకు బిగించిన ఇత్తడి రేకు తనే ఊడదీసింది. ఇప్పుడు దాన్ని వేడి గిన్నెల కింద పెట్టుకుంటోంది.

"ఎవరే విల్మీ?" లోపల్నుంచి పౌలా పిలిచింది.

"పాలవాడక్కా."

"పాలవాడికి దొరసాని తలుపు తీయడమా? పనిపిల్ల ఏమైంది?"

ఆ ఇంట్లో పనిపిల్ల అనేది లేక పదకొండేళ్ళయింది. కానీ డెబ్భై ఐదేళ్ళ పౌలాకి చూపుతో పాటు ఏళ్ళు కూడా మసకబారాయి. ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. తన చెల్లెలు కౌంటెస్. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు టెలిగ్రాములు కొట్టిన పెళ్ళికాని మనిషికి అంతకు మించిన ఆస్తి లేదు.

విల్మా జావ కాచి, గిన్నెను ఇత్తడి రేకు మీద దింపి, కప్పులోకి పోసి మంచం దగ్గరికి వెళ్ళింది. చెంచా పెదవులకు తాకగానే పౌలా ఎప్పటిలాగే నోరు బిగించి అడిగింది.

"ఎవరు?"

"కౌంటెస్ హల్మోష్డీ."

"అయితే తింటాను. దొరసాని చేతి ముద్ద అందరికీ దొరుకుతుందా!"

ఇది వేళాకోళంగా మొదలైన ఆటే. ఇప్పుడు ఆట కాదు. పోయిన చలికాలం విల్మా న్యుమోనియాతో పదకొండు రోజులు ఆస్పత్రిలో పడి ఉంటే, ఇరుగుపొరుగు, నర్సమ్మ, చర్చి నుంచి వచ్చినావిడ అందరూ ప్రయత్నించారు. పౌలా ఎవరి చేతా తినలేదు. విల్మా తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

ఈ ఊళ్ళోనే ఉండాలి. అంతే. విల్మాకి ఆ పొద్దున వేరే కోరిక లేదు. అలమార అడుగున ఉన్న అట్టపెట్టె తీసి, విడాకుల తీర్పు వెతికి, సంచీలో పెట్టుకుంది. తను కౌంటెస్ కాదని రుజువు చేసే కాగితం ప్రపంచంలో అదొక్కటే.

మెట్ల కింద బొడ్నార్‌నే చీపురుతో ఎదురైంది. ఆ నాలుగంతస్తుల ఇంటికి ఆమే కాపలా. పెళ్ళయిన ఆడదానికి భర్త పేరు చివర "నే" తగిలించి పిలవడమే తప్ప సొంత పేరు ఎవరికీ అక్కర్లేని దేశం కనక, ముప్పై ఏళ్ళలో ఆమె అసలు పేరేమిటో విల్మా ఎన్నడూ అడగలేదు.

"పొద్దున్నే ఎక్కడికి దొరసానమ్మా, గుర్రబ్బండి పిలవనా?"

"మీరు ఆఫీసుకిచ్చిన జాబితాలో ఏం రాశారు, బొడ్నార్‌నే?"

చీపురు ఆగింది. "ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవర్ని ఏమని పిలుస్తారో రాసిమ్మన్నారు. రాసిచ్చాను."

"నేను కౌంటెస్‌నని రాశారా?"

"మరేం రాయమంటారు? మీరీ ఇంట్లో దిగిన మొదటి వారం నేను నోరారా 'అమ్మగారూ' అంటే, 'అమ్మగారు కాదు, కౌంటెస్ అనాలి' అని మెట్ల మీద నిలబెట్టి నేర్పించారు. అందరి ముందూ. అప్పుడు నా చంకలో బొగ్గుల బుట్ట కూడా ఉంది." ఆమె గొంతు గట్టిగానే ఉంది గానీ కళ్ళు నేల మీదున్నాయి. "ముప్పై ఏళ్ళు నా చేత పిలిపించుకున్నదే రాశాను. ఇలా పంపేస్తారని నాకెవడు చెప్పాడు?"

విల్మాకి ఆ బొగ్గుల బుట్ట గుర్తులేదు. తను అన్న మాట మాత్రం గుర్తుంది. అది గుర్తొచ్చి మెడ దగ్గర వేడెక్కింది. సంచీ చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

జాబితాల మీద అర్జీలు తీసుకునే ప్రభుత్వ ఆఫీసు వసారాలో నలభై మంది దాకా నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒకప్పుడు ఒకరి విందులకు ఒకరు వెళ్ళిన వాళ్ళే చాలామంది. ఇప్పుడు ఎదుటివాళ్ళని గుర్తుపడితే తమనీ గుర్తుపడతారన్నట్టు గోడల వంక చూస్తున్నారు. మధ్యాహ్నం దాటాక విల్మా వంతు వచ్చింది. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా పేరు లెంద్వాయి. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకున్నాడు.

"నేను కౌంటెస్‌ని కాదండీ."

"పొద్దుటి నుంచీ ఈ గదిలోకి ఒక్క కౌంటెస్ కూడా రాలేదమ్మా," అన్నాడతను తలెత్తకుండా. "అందరూ బట్టలు కుట్టుకునే వాళ్ళూ, పాఠాలు చెప్పుకునే వాళ్ళే."

"నిజంగానే పియానో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. ఆ ఇంట్లో పుట్టినదాన్ని కాదు. ఆయన నన్ను వదిలి ఇంకో ఆవిడని చేసుకున్నాడు. ఆవిడ పుట్టుకతోనే కౌంటెస్. యుద్ధం ముగియక ముందే వాళ్ళిద్దరూ వియన్నా వెళ్ళిపోయారు. ఇదుగో తీర్పు."

అతను కాగితం తీసుకున్నాడు. ఒకప్పుడు ఏ వకీలు దగ్గరో పనిచేసిన వాడిలా ఉన్నాడు, పైన ముద్ర చూసి సరాసరి చివరి పేజీకి వెళ్ళాడు. చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు. తర్వాత లేచి, పక్కగదిలోంచి కుర్చీ ఒకటి తెచ్చి ఆమెకి వేశాడు. ఆ కుర్చీ చూడగానే విల్మాకి సంగతి అర్థమైపోయింది.

"ఇది మీరు చదివారా?"

"ముప్పై ఏళ్ళ కిందట."

"భర్త దోషి, భార్య నిర్దోషి." అతను వేలు పెట్టి మెల్లగా చదివాడు. "నిర్దోషియైన భార్య విచారణలో స్వయంగా కోరినందువల్ల, భర్త పేరునూ బిరుదునూ జీవితాంతం ధరించే హక్కు ఆమెకే నిలుపబడినది. ఇది మీరు అడిగి తీసుకున్నదమ్మా. కింద మీ సంతకం ఉంది."

ఉంది. వంకీలు తిరిగిన పెద్ద సంతకం. ఆ సంతకం పెట్టిన రోజు కోర్టు బయట మంచు పడుతోంది. లోరింత్స్ అక్కగారు, పుట్టుకతోనే కౌంటెస్ అయినావిడ, తన వకీలు చేత కబురు పెట్టింది. తప్పు తనదేనని విల్మా ఒప్పుకుంటే చట్టం ప్రకారం పేరు దానంతటదే పోతుంది. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో ఇద్దరు కౌంటెస్‌లు తిరిగే సిగ్గు తప్పుతుంది. బదులుగా బాలాటన్ సరస్సు దగ్గర ద్రాక్షతోటతో సహా చిన్న ఇల్లు రాసిస్తారు. విల్మాకి ఆ ఇల్లు నచ్చింది కూడా. అప్పుడు పౌలా మంచులోనే ఆమె మోచెయ్యి పట్టుకుని, "తప్పు చేసింది వాడు. పేరు పోయేది నీకా? ప్రాణం పోయినా వదలకే," అంది. వకీలు ఫీజు కోసం పౌలా తన వాటాకి వచ్చిన అమ్మ గాజులు అప్పటికే అమ్మేసి ఉంది.

"అప్పుడు తప్పు నాదేనని ఒప్పుకుని ఉంటే?" అని అడిగింది విల్మా.

"కొచోర్ విల్మా అయిపోయేవారు." అతను జాబితా తిప్పి చూశాడు, చూడాల్సిన పని లేకపోయినా. "కొచోర్ విల్మా ఇందులో లేదు."

"ఇప్పుడు ఒప్పుకోవచ్చా?"

ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గానీ తనేమందో ఆమెకి తెలియలేదు. లెంద్వాయి నవ్వలేదు. గ్లాసులో సోడా పోసి ఆమె వైపు జరిపాడు.

"మా అక్కకి నా చేత్తో తప్ప ముద్ద దిగదు," అంది విల్మా. ఆస్పత్రి సంగతి, పదకొండు రోజుల సంగతి అంతా చెప్పింది. అతను వెనక క్యూ వంక చూడకుండా విన్నాడు.

"ఆవిడ పేరు జాబితాలో లేదు. కొచోర్ పౌలా, తపాలా ఉద్యోగి, కార్మిక వర్గం. కావాలంటే చేర్చగలను. చేర్చడానికి నా కలం చాలు. తీసెయ్యడానికే పైవాళ్ళు కావాలి." కాస్త ఆగాడు. "రైల్లో పన్నెండు గంటలు కూర్చోవాలి. దిగాక బండి. దిగిన చోట కొంతమందికి గది దొరుకుతోంది, కొంతమందికి కోళ్ళ కొట్టం దొరుకుతోంది. నేను చెప్పానని చెప్పకండి."

పౌలా వీపు మీద పుండు అరచెయ్యంత ఉంది. పక్కకి తిప్పితేనే కేక పెడుతుంది. విల్మా గ్లాసులో బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగిలిపోవడం చూస్తూ కూర్చుంది. అవి అయిపోయాక, "చేర్చకండి," అంది.

లెంద్వాయి ఒక చిన్న కాగితం మీద ఏదో రాసి ముద్ర వేశాడు. రేపటి నుంచి ఆ ఇంట్లోకి ఎవరో అధికారి కుటుంబం వస్తుందట. వంటగది పక్కనున్న పనిపిల్ల గదిలో కొచోర్ పౌలా బతికున్నన్నాళ్ళు ఉండవచ్చునని ఆ కాగితం. ఇంతకన్నా తన చేతిలో లేదన్నాడు. విల్మా థాంక్స్ చెప్పింది. నిజంగానే చెప్పింది. అంత చిన్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. బొడ్నార్‌నే గది తలుపు తెరిచే ఉంది. ఉల్లిపాయలు వేగుతున్న వాసన. విల్మా ఆ గది గుమ్మం లోపలికి అడుగు పెట్టడం అదే మొదటిసారి.

"మిమ్మల్నొకటి అడగాలి."

"కూర్చోండి ముందు. మొహం చూడండి ఎలా ఉందో." బొడ్నార్‌నే స్టూలు మీది బట్టలు తీసి పక్కన పడేసింది. రేపటి లారీ సంగతీ, పౌలా తిండి సంగతీ విల్మా చెప్పింది. విని ఆమె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, "పెడతాను," అంది వెంటనే. "నా మొగుడికి రెండేళ్ళు పెట్టలేదా? మూడు పూటలా పెడతాను. పక్క మారుస్తాను."

"పెడితే తినదు. కౌంటెస్‌ననాలి."

"ఏమిటీ?"

"ఎవరు అని అడుగుతుంది. కౌంటెస్ హల్మోష్డీ అనాలి. అప్పుడే నోరు తెరుస్తుంది."

బొడ్నార్‌నే పకపకా నవ్వింది. ఎదుటి మనిషి నవ్వకపోవడం చూసి ఆపింది. "నేనా? నేను కౌంటెస్‌నా? ఎవరైనా విన్నారంటే రేపు నన్నూ ఎక్కిస్తారు లారీ!"

"మెల్లగా అంటే చాలు."

ఆ సాయంత్రం పౌలాని పనిపిల్ల గదిలోకి మార్చారు. దుప్పటి నాలుగు మూలలు పట్టుకుని, పియానో నేర్చుకునే పిల్ల తండ్రి ఒకాయన సాయం పట్టాడు. పౌలా మూలిగింది గానీ గది మారిందని గ్రహించలేదు. తర్వాత బొడ్నార్‌నే జావ కప్పుతో మంచం పక్కన కూర్చుంది. విల్మా గుమ్మంలో నిలబడింది.

"ఎవరు?"

"నేనేనమ్మా, బొడ్నార్... కాదు కాదు... అదే..."

పౌలా పెదవులు బిగుసుకున్నాయి. చెంచా తాకిస్తే జావ గడ్డం మీదుగా కారింది. "ఈ బొగ్గుల మనిషిని ఎవరు రానిచ్చారే? విల్మీ! విల్మీ!" విల్మా పరుగున వచ్చి చెంచా అందుకోవాల్సి వచ్చింది.

వంటగదిలో బొడ్నార్‌నే గోడకి ఆనుకుని నిలబడింది. "నా నోటికి రావడం లేదు. ఎక్కడో గొంతులో ఇరుక్కుంటోంది. మీకెలా వచ్చేదో అంత తేలిగ్గా!"

"నాకూ మొదట్లో వచ్చేది కాదు," అంది విల్మా. "పెళ్ళైన కొత్తలో అద్దం ముందు నిలబడి అనుకునేదాన్ని. గడ్డం కాస్త పైకెత్తాలి. తొందరపడకూడదు. ఎదుటివాళ్ళు ఎదురుచూస్తారన్న నమ్మకంతో అనాలి. అనండి."

అరవై రెండేళ్ళ కాపలా మనిషి, ఉల్లిపాయల చేతులు కడుపు మీద కట్టుకుని, గడ్డం పైకెత్తి, "కౌంటెస్ హల్మోష్డీ," అంది. మళ్ళీ అంది. ఇద్దరూ స్టవ్ వెలుతురులో చాలాసేపు అదే పని చేశారు. మధ్యలో ఒకసారి బొడ్నార్‌నేకి నవ్వొచ్చి, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. "నేను రాయకపోయినా బాగుండేది," అంది. విల్మా తన లావెండరు సబ్బు ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. తను రోజూ కప్పుకునే ఊలు శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పింది.

"ఇంకొకటి," అంది. "రేపు నేను వెళ్ళేటప్పుడు అక్కతో మాట్లాడను. నా గొంతు విందంటే మీది నాది కాదని తెలిసిపోతుంది."

"చెప్పకుండా వెళ్తారా? సొంత అక్కకి?"

"వెళ్ళానని తెలిస్తే తినదు."

తెల్లవారి ఐదింటికి వెలుతురు అప్పుడే బాగా వచ్చేసింది. వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. విల్మా రెండు మూటలు, ఒక తోలు పెట్టె గుమ్మం బయట పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని పనిపిల్ల గది ముందు నిలబడింది. లోపల శాలువా కప్పుకున్న వీపు కనిపిస్తోంది. లావెండరు వాసన వస్తోంది.

"ఎవరు?"

కాస్త ఆలస్యమైంది. విల్మాకి తన గడ్డం తనకు తెలియకుండానే పైకి లేచింది. పెదవులు కదిలాయి. శబ్దం రాకుండా పళ్ళతో నొక్కిపెట్టింది.

"కౌంటెస్ హల్మోష్డీ."

లోపల బొడ్నార్‌నే అనేసింది. కింద ఎవరో మెట్లెక్కుతున్నారు.

"చెయ్యి ఇంత గరుగ్గా ఉందేమిటే ఇవాళ?"

"పనిపిల్ల మానేసిందక్కా. గిన్నెలు నేనే తోముకుంటున్నాను."

పౌలా గొంతులో గురగురమని నవ్వు. "దొరసాని గిన్నెలు తోమడం! అయితే తింటాను, పెట్టు."

చెంచా కప్పు అంచుకి తగిలిన చప్పుడు వినిపించింది. ఒకసారి. ఇంకోసారి. విల్మా నాలుగు చెంచాల దాకా లెక్కపెట్టుకుంది. ఆ గదిలో తన అవసరం ఇక లేదు. రాత్రంతా ప్రార్థించింది అదే. జరిగింది కూడా అదే. లోపలికి వెళ్ళి ఆ మనిషి చేతిలోంచి చెంచా లాక్కోవాలన్నంత కోపం, దుఃఖం కలిసి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మెట్ల మలుపులో నిన్నటి పోలీసు కనిపించాడు. ఆమె చేతిలో చెప్పులు చూసి, మూటలు తనే ఎత్తుకుని మెల్లగా దిగాడు. ఆమె వట్టికాళ్ళతో వెనకే దిగింది. చివరి మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంది.

లారీలో అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. ఒక ముసలాయన పక్షి లేని పంజరం ఒళ్ళో పెట్టుకున్నాడు. లారీ పక్కన ఇంకో అధికారి అట్ట మీద కాగితాలు పెట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. పైన రెండో అంతస్తులో పనిపిల్ల గది కిటికీ వీధి వైపే ఉంది. గాలి కోసం రెక్కలు తీసే ఉన్నాయి.

"హల్మోష్డీ లోరింత్స్‌నే!"

విల్మా తల ఊపింది.

"నోరు విప్పి చెప్పాలి. హల్మోష్డీ లోరింత్స్‌నే, మాజీ కౌంటెస్, మీరేనా?"

ఆమె కిటికీ వంక చూసింది. మళ్ళీ తల ఊపింది. అధికారి విసుగ్గా ఇంకోసారి అరవబోతుంటే మూటలు మోసుకొచ్చిన పోలీసు, "ఆవిడే సార్, నాకు తెలుసు," అన్నాడు. అధికారి టిక్కు పెట్టాడు. పోలీసు ఎక్కడానికి ఒక చెక్కపెట్టె తెచ్చి వేసి, మోచెయ్యి పట్టుకున్నాడు. విల్మా ఎక్కి, పంజరం పక్కన కాస్త చోటు ఉంటే కూర్చుంది. వీధి మలుపు తిరిగే దాకా నోరు తెరవలేదు. తిరిగాక తెరిచినా అక్కా అని పిలవడానికి అక్కడ ఎవరూ లేరు.